యాడికి బొమ్మలు, నాకు అక్షరాలు

మా అమ్మకు చదువు రాదు. మాది లంబాడీ ఇల్లు, అమ్మను మేము యాడి అంటాం. బాన్సువాడకు కాస్త దూరంలో ఉన్న తండాలో పుట్టి పెరిగాను. ఇప్పుడు బాన్సువాడలోనే దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను, బస్టాండు వెనక గల్లీలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. యాడి తండాలోనే మా తమ్ముడి దగ్గర ఉంటుంది. మేమిద్దరం మాట్లాడుకునేది మా ఇంటి మాటలోనే. ఇక్కడ ఆమె అన్నవన్నీ నేను తెలుగు చేసి రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు అలవాటైన పనే అది. కాకపోతే అప్పుడు తెలుగును మా మాటలోకి తెచ్చేదాన్ని.

నా చిన్నతనంలో యాడి వర్ని దిక్కు క్యాంపులకు నాట్లకూ కలుపులకూ పోయేది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని స్థిరపడినవాళ్ళ ఊళ్ళను మా దగ్గర క్యాంపులంటారు. అక్కడ ఒక ఇంటావిడ యాడికి ఆవకాయ పెట్టి పంపింది ఒకసారి. నూనె కారకుండా సీసాకు కాగితాలు చుట్టింది. యాడి సీసాను గూట్లో పెట్టింది, నేను కాగితాలు విప్పుకొని గడపలో కూర్చున్నాను. అది ఏదో వారపత్రిక. సగం పేజీ నూనెతో పారదర్శకంగా అయిపోయి వెనక వైపు అక్షరాలు కూడా ముందుకు కనిపిస్తున్నాయి. అందులో కథలో ఒకామె రైలు దిగి ఎవరికోసమో చూస్తోంది. అంతే, అక్కడికి కాగితం చిరిగిపోయింది.

"ఏముంది గండ్ల?" అని అడిగింది యాడి.

"ఒకామె రైలు దిగింది."

"ఎవలింటికొచ్చింది?"

"తెల్వదు. చినిగింది."

యాడికి అది నచ్చలేదు. మర్నాడు పనికి పోయినప్పుడు ఆ ఇంటావిడను అడిగిందట, మా బిడ్డకు మిగతా కాగితాలు కావాలని. ఆవిడ నవ్వి, "మీ అమ్మాయి చదువుతుందా? ఇంద, ఇవన్నీ తీసుకెళ్ళు. మా ఇంట్లో ఎలకలు కొట్టేస్తున్నాయి," అని పాత పత్రికల కట్ట ఒకటి చేతిలో పెట్టింది. అప్పటి నుంచి నాట్లకు పోయినా కోతలకు పోయినా యాడి సద్దిగిన్నె అడుగున మడతపెట్టిన పత్రికలు ఉండేవి. కొన్నింటికి పప్పు వాసన, కొన్నింటికి మామిడికాయ వాసన. ఇప్పటికీ పాత కాగితం వాసన తగిలితే నాకు ఆకలవుతుంది.

పొద్దుగూకే వేళ యాడి పొయ్యి ముందు కూర్చొని రొట్టెలు కొట్టేది. నేను పక్కన కూర్చొని సీరియల్ చదివి, చదివినంత మేర మా మాటలో చెప్పేదాన్ని. కథ ఉత్కంఠగా ఉన్నచోట రొట్టె చప్పుడు ఆగిపోయేది. పెనం మీదిది మాడిన వాసన వచ్చాక మళ్ళీ మొదలయ్యేది. కథ బాగుందా లేదా అన్నది ఆ మాడు రొట్టెలను బట్టే తెలిసేది మా నాయనకు. మాడు గీకేసుకొని తినేవాడు.

కష్టమంతా నాకు తెలియని సంగతులను ఆమెకు చెప్పడంలో ఉండేది. ఒక కథలో సముద్రం వచ్చింది. నేనూ చూడలేదు, ఆమే చూడలేదు.

"నిజాంసాగర్ లెక్కనే ఉంటది యాడీ, గని అవుతలి ఒడ్డు కనవడదు," అన్నాను.

"వానకాలంల నిజాంసాగర్‌ది గూడ కనవడదు గదా."

"గట్ల గాదు. ఎండకాలంల గూడ కనవడదట."

ఆమె చేతిలో పిండిముద్ద అట్లాగే పట్టుకొని కాసేపు ఆలోచించింది. "మరి గా నీళ్ళన్ని ఎవల పొలాలకు పోతయి?" అంది. దానికి పత్రికలో జవాబు లేదు.

ఇంకో సంగతి కూడా ఆమెకు మింగుడు పడేది కాదు. ఆ కథల్లో మనుషులు పొద్దున లేచింది మొదలు కాఫీ తాగుతుండేవాళ్ళు. ఏడ్చినా కాఫీ, కోపమొచ్చినా కాఫీ. "గింత కథాయె, వాళ్ళు బువ్వ ఎప్పుడు తింటరు?" అని గట్టిగా అడిగేది. అందుకని నేనే మధ్యలో వాళ్ళకు అన్నం పెట్టేదాన్ని. పప్పు, చారు, పండగైతే యాటకూర. అట్లా తినిపించాకే కథ ముందుకు నడిచేది.

పత్రికలు వరసగా వచ్చేవి కావు. ఒక వారం ఉంటే రెండు వారాలు ఉండేవి కావు. ఒక కథలో అతను స్టేషన్లో ఏడుస్తూ నిలబడ్డాడు, నాకు దొరికిన తర్వాతి భాగంలో అతనికి పెళ్ళయి బిడ్డ కూడా ఉంది. నడుమ ఏం జరిగిందో నేనే కల్పించాలి. నేను కల్పించిన భాగాల్లో అందరూ ఒకసారి మా దిక్కు వచ్చిపోయేవాళ్ళు. మంజీర దాటేవాళ్ళు, బాన్సువాడ అంగట్లో గాజులు కొనేవాళ్ళు. యాడికి ఆ భాగాలంటేనే ఎక్కువ ఇష్టం.

తర్వాత హాస్టల్లో చదివాను, నిజామాబాద్‌లో నర్సింగు అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. చదవడం మాత్రం ఆగలేదు. నిజామాబాద్‌లో నవలలు కిరాయికిచ్చే కొట్టు ఒకటి ఉండేది, ట్రైనింగులో ఉన్నన్నాళ్ళూ అక్కడివే. ఆ తర్వాత బాన్సువాడ లైబ్రరీ. తండాకు పోయిన ప్రతిసారీ ఆ మధ్య చదివిన నవల యాడికి చెప్పాల్సిందే. నేను ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విడవకముందే, "ఏం తెచ్చినవ్?" అనేది. పండ్లూ బిస్కెట్లూ కాదు ఆమె అడిగేది.

ఆమె చెవులు ఎప్పుడు పాడయ్యాయో సరిగా చెప్పలేను. నేను నర్సునై ఉండీ గమనించలేదు. ఒకరోజు ఒక నవలలో చిన్నపిల్ల జ్వరంతో చచ్చిపోయే ఘట్టం చెబుతున్నాను. చెప్పే నాకే ఏడుపొచ్చి మూతి వంకరపోయింది. యాడి చూస్తే నవ్వుతోంది.

"నవ్వుతున్నవేంది యాడీ? పిల్ల చచ్చిపోయింది!"

ఆమె నా మూతినే చూస్తూ, "అయ్యో, నువ్వే నవ్వుతున్నవనుకున్న బిడ్డా," అంది.

అప్పుడు అర్థమైంది, చాలాకాలంగా ఆమె వింటున్నది నా మాటలు కాదని, చూస్తున్నది నా ముఖాన్నని. పరీక్ష చేయించి చెవిమిషను ఇప్పించాను. వారం పెట్టుకొని తీసి డబ్బాలో పెట్టేసింది. "గీంట్ల ట్రాక్టరొస్తది, కుక్కలొస్తయి. నువ్వొస్తలేవు," అంది.

అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా అని ఎడమ చెవి దగ్గర అరిచి అడగొచ్చు. ఒక నవలంతా అరిచి చెప్పలేం. నేను కథలు చెప్పడం మానేశాను, ఆమె అడగడం మానేసింది. తండాకు పోతే ఇద్దరం పక్కపక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేవాళ్ళం. ఆ తర్వాత కొన్ని నెలలకు కాబోలు, లైబ్రరీ నుంచి తెచ్చిన నవల ఒకటి టీవీ పక్కనే ఉండిపోయింది. చదవకుండానే తిరిగిచ్చాను. ఇంకొకటి తెచ్చాను. అదీ అంతే. తర్వాత తేవడం కూడా ఆగిపోయింది. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వాలితే చేతిలోకి ఫోన్ వచ్చేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి. బాధ కూడా లేదు. అలసటనో, చత్వారమనో అనుకున్నాను. అద్దాలు కొనుక్కున్నాను, అవీ ఫోన్ చూడటానికే పనికొచ్చాయి.

మా బిడ్డ డిగ్రీలో చేరాక ఒకరోజు ఇల్లు సర్దుతూ మంచం కింది అట్టపెట్టె లాగింది. నిండా నేను అప్పుడప్పుడూ కొనుక్కున్న పాత నవలలు.

"మమ్మీ, నువ్వు మస్తు చదువుతుంటివి గదా. నేను ఆకలైతుందంటే, ఒక్క పేజీ ఆగు అంటుంటివి. నాకు యాదికుంది."

"తిట్టుకుంటుంటివా?"

"లే. నీ ముఖం చూసుకుంట కూసుంటుంటి. మంచిగుంటుండె. ఇప్పుడెందుకు చదువుతలేవ్?"

ఆ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ వారమే లైబ్రరీకి పోయాను. ఒకప్పుడు రెండు రోజుల్లో ముగించినంత లావు నవల తెచ్చుకున్నాను. మాత్రల ఖాళీ అట్ట ఒకటి గుర్తుగా పెట్టుకొని మొదలుపెట్టాను. పదో పేజీ దాటలేదు. చదివిన వాక్యమే మళ్ళీ చదివేదాన్ని. అందులో వాళ్ళ కష్టాలు వాళ్ళవి, నావి నావి అన్నట్టుగా ఉండేది.

నాతో పనిచేసే పెద్ద నర్సు అక్క ఒకామె, "కథలెందుకు, జీవితానికి పనికొచ్చేది చదువు," అని తన దగ్గరున్న 'విజయానికి మెట్లు' లాంటి పేరున్న పుస్తకం ఇచ్చింది. తెల్లవారుజామున లేవడం ఎంత గొప్పదో చెప్పే అధ్యాయం చదువుతూ నిద్రపోయాను. అక్కతో ఆ మాటే చెబితే, "నేను గూడ గాడ్నే ఆగిన," అని నవ్వింది.

మా బిడ్డ డిటెక్టివ్ నవల తెచ్చిపెట్టింది. "హంతకుడు ఎవలో తెల్సుకోవాలని ఉంటది గదా మమ్మీ, ఆగలేవు సూడు," అంది. నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. చివరి పేజీ తీసి చూశాను. బావమరిది. పుస్తకం మూసి పెట్టేశాను. ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది. దయ్యాల కథలు కూడా ప్రయత్నించాను. ఇన్నేళ్ళు నైట్ డ్యూటీలు చేసి, పోయినవాళ్ళ కళ్ళు నా చేత్తో మూసినదాన్ని, తలుపు దానంతటదే తెరుచుకుంటే ఏం భయపడతాను? గాలికి తెరుచుకుంది కాబోలు అనుకున్నాను. కవిత్వం కాస్త నయం. చిన్నచిన్నగా ఉంటాయి కదా అని తెచ్చుకున్నాను. బస్సు కోసం ఎదురుచూస్తూ ఒకటి చదివి బాగుందనుకునేదాన్ని. బస్సు ఎక్కేసరికి మరిచిపోయేదాన్ని.

ఆ కవితల పుస్తకం తిరిగి ఇవ్వడానికి పోయిన రోజు గట్టి వాన పట్టుకుంది. లైబ్రరీలో నేనూ, పేపరు చదివే ముసలాయన ఒకరూ, అక్కడ పనిచేసే ఆవిడా తప్ప ఎవరూ లేరు. వాన తగ్గేదాకా అరల మధ్య తిరుగుతూ పిల్లల పుస్తకాల దగ్గరికి వచ్చాను. పెద్ద సైజు పుస్తకాలు, మందమైన కాగితం, పేజీ నిండా బొమ్మలు. ఒకదాని మీద ఇసుకలో ఒంటెల వరస, వాటి మీద మూటలు, వెనక రంగురంగుల బట్టల్లో నడిచే ఆడవాళ్ళు. నా చిన్నప్పుడు యాడి కట్టుకున్న అద్దాల లంగా గుర్తొచ్చింది. ఏమీ ఆలోచించకుండానే రాయించుకున్నాను.

"పిల్లలున్నరా మేడం ఇంట్ల?" అని అడిగింది ఆవిడ.

"మా అమ్మకు," అన్నాను. అనేదాకా నాకే తెలియదు అది యాడి కోసమని.

ఆదివారం తండాకు పోయి పుస్తకం యాడి ఒళ్ళో పెట్టాను. ఆమె చేతులు చీరకు తుడుచుకొని తెరిచింది. ఒక్కో పేజీ మీద అరచేయి పెట్టి, దుమ్ము తుడిచినట్టు నెమ్మదిగా జరిపింది. ఒంటెలను ఆమె ఎరుగును. మహారాష్ట్ర దిక్కు నుంచి ఒంటెను తోలుకొచ్చి పిల్లలను ఎక్కించేవాళ్ళు ఎప్పుడైనా వస్తుంటారు. నేను పుస్తకం పేరు చెబుదామని ఆమె చెవి దగ్గరికి వంగాను. ఆమె నన్ను చేత్తో పక్కకు జరిపి తనే మొదలుపెట్టింది.

"గీళ్ళు ఉప్పుకు పోతున్నరు," అంది.

"ఏంది?"

వినిపించుకోలేదు. వినిపించదు కదా. "మా తాత వాళ్ళ తాతలు గిట్లనే పోయేటోళ్ళట. ఒంటెలు గావు, ఎడ్లు. ఒక్కొక్క ఎద్దు మీద రెండు దిక్కులా ఉప్పు మూటలు. ముందు పోయే ఎద్దుకు మెడల గంటలు, నెత్తిమీద నెమలీకలు. గది నడిస్తెనే మిగతయి నడుస్తయి. గది కూసుంటె అంత కూసుంటరు. ఆడోళ్ళు నడుసుకుంటనే కనేటోళ్ళట. మా తాత వాళ్ళమ్మ గట్లనే తొవ్వల పుట్టింది."

ఎద్దుల మీద సరుకు వేసుకొని గుంపులుగా ఊళ్ళు తిరగడాన్ని మావాళ్ళు లదేణి అంటారని నాకు తెలుసు, పాటల్లో విన్నాను. మా ఇంట్లో ఒకామె అట్లా దారిలో పుట్టిందని మాత్రం అప్పుడే తెలిసింది. యాడి పేజీలు తిప్పుతూనే ఉంది. పుస్తకంలో ఒక పిల్ల బావి దగ్గర ఏడుస్తోంది. యాడి ఆ పిల్లకు పేరు పెట్టింది, తప్పిపోయిన ఎద్దును వెతకడానికి పంపింది, అడవిలో ఒక ముసలామెతో రొట్టె పెట్టించింది. ఒంటెలను ఎడ్లనే పిలిచింది చివరిదాకా. చెప్పడం ఎంత బాగా వచ్చు ఆమెకు! ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. నేను ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఆమె చెవులు పాడయ్యేదాకా కథలు చెబుతూనే వచ్చాను, ఒక్కసారీ ఆమెను చెప్పమని అడగలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి చెప్పేదాన్ని నేను, వినేది ఆమె అని ఇద్దరం ఒప్పుకున్నట్టుగా గడిపేశాం.

బస్సులో వాపసు వస్తూ, అసలు కథేమిటో చూద్దామని ఆ పుస్తకం తెరిచాను. బాన్సువాడ వచ్చేలోపు అయిపోయింది. పేజీకి నాలుగు వాక్యాలే. ఆ పిల్ల ఏడ్చింది ఒంటె పిల్ల నీళ్ళు తాగట్లేదని. యాడి కథే బాగుంది. అయినా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక పుస్తకం చదివాను. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

ఆ ఉప్పు మూటల సంగతి నన్ను వదల్లేదు. ఎక్కడి ఉప్పు? ఎటు నుంచి ఎటు తీసుకుపోయేవాళ్ళు? లైబ్రరీ ఆవిడను అడిగితే చరిత్ర అరలో నుంచి పాత వ్యాపార దారుల మీద రాసిన పుస్తకం తీసిచ్చింది. చరిత్ర నాకు బళ్ళో ఎప్పుడూ పడేది కాదు. రాజులూ యుద్ధాలూ కంఠస్థం చేయలేక ఏడ్చేదాన్ని. ఈ పుస్తకంలో రాజుల సైన్యాలకు బియ్యం మోసిన ఎడ్లున్నాయి, వాటి వెనక నడిచినవాళ్ళున్నారు. భాష కఠినంగానే ఉంది. భోజనం గంటలో రెండు పేజీలు, ఇంట్లో కుక్కరు కూతలు పెట్టేలోపు ఒక పేజీ చొప్పున చదివాను. అన్నేళ్ళ తర్వాత నేను మొదటిసారి ముగించిన పెద్దవాళ్ళ పుస్తకం అది. అయిపోయిన రోజు మా బిడ్డకు చెబితే, "హిస్టరీనా? నువ్వా?" అని నమ్మలేదు.

అక్కడి నుంచి దారి దానంతటదే పడింది. యాడికి బొమ్మలున్న పుస్తకం కావాలి, నాకు ఆమె చెప్పిన దాని వెంట పోయి చదవడం కావాలి. పక్షుల బొమ్మల పుస్తకం తీసుకుపోతే, నీటికొంగను చూసి నాట్ల రోజుల్లో క్యాంపు పొలాల్లో వెంటబడి నడిచే కొంగల సంగతి చెప్పింది. నేను పక్షుల మీద ఒకాయన రాసిన పుస్తకం చదివాను. మంచు కొండల ఫోటోలున్న యాత్రా పుస్తకం తీసుకుపోతే ఆమె తెల్లటి పేజీలన్నీ ముందుకీ వెనక్కీ తిప్పింది. తర్వాత, "గీడ ఎవలన్న కట్టెలు ఏరుకుంటరా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆ పుస్తకం చదివాను, దాని తర్వాత ఇంకో మూడు యాత్రల పుస్తకాలు చదివాను. కోర్టు కేసుల మీద ఒక లాయరు రాసుకున్న అనుభవాలు చదివాను. వంటల పుస్తకం కూడా కథలాగా చదివాను, ఏదీ వండలేదు. డిటెక్టివ్ నవల ఇంకొకటి మొదలుపెట్టాను, చివరి పేజీని రబ్బరు బ్యాండుతో కట్టేసి. హంతకుడు దొరికేదాకా డ్యూటీలో చేయి పనిచేస్తుంటే మనసు ఆ ఇంట్లోనే తిరిగింది. పెద్ద నర్సు అక్క, "ఏం చదువుతున్నవే, గంత మురిసిపోతున్నవ్?" అని లాక్కొని తనూ చదివింది.

నవల దగ్గరికి చివరికి వచ్చాను. అట్టపెట్టెలో ఉన్నవి కాదు, కొత్తది, ఇప్పటి మనుషుల గురించి రాసింది. ఆ ఆదివారం తండాకు పోతూ దాన్ని సంచిలో వేసుకున్నాను. యాడికి ఆ రోజు చెట్ల బొమ్మల పుస్తకం తెచ్చాను, ఆమె వేపచెట్టు దగ్గర ఆగిపోయి దాన్నే చూస్తోంది. నేను పక్కన కూర్చొని నవల చదువుకుంటున్నాను. కాసేపటికి నా పుస్తకం లాక్కొని పేజీలు తిప్పింది.

"గీంట్ల ఏం లేదు," అంది. అట్ట మీద మాత్రం కిటికీలో నుంచి చూస్తున్న ఒకామె బొమ్మ ఉంది. దాని మీద వేలు పెట్టింది. "గీమెకు ఏమైంది?"

ఎడమ చెవి దగ్గరికి వంగి అరిచాను. "మొగడు దుబాయి పోయిండు!"

"ఆఁ?"

"దుబాయి! అత్త ఇంట్ల ఉండనిస్తలేదు!"

"తిండి పెడుతుందా?"

"పెడుతలేదు!"

గోడ అవతల గిన్నెలు తోముతున్న పక్కింటి కోడలు పని ఆపేసింది. "ఎవల అత్త అక్కా?" అని భయంగా తల ఎత్తి చూసింది. కథ అని చెప్పేసరికి దానికి ధైర్యం వచ్చి గోడకు మోచేతులు ఆనించి నిలబడింది. ఇగ నేను అరుస్తూ చెబుతూనే ఉన్నాను. గొంతు రాసుకుపోయింది. తమ్ముడు లోపల్నుంచి వచ్చి ఏం కొట్లాటో అని చూసి, నవ్వుకుంటూ గడపలో కూర్చున్నాడు. యాడి నా మూతి వైపు చూడటం లేదు. తల పక్కకు వంచి, చెవి నాకే ఆనించి, కళ్ళు మూసుకొని వింటోంది. వినబడినంత విన్నది. వినబడనిచోట తలూపింది.

సాయంత్రం బస్సు ఎక్కేముందు చాయ్ తాగుతుంటే యాడి అంది, "గా పిల్లను పుట్టింటికి తోలియ్యాలె. అత్తతోని ఎన్నొద్దులు పడ్తది?"

పుస్తకంలో ఆ పిల్ల ఏం చేస్తుందో నాకింకా తెలియదు. బస్సులో సీటు దొరికింది. బాన్సువాడ వచ్చేదాకా చదువుతూనే కూర్చున్నాను.